ఈరక్క లారీకి రంగు

ఈరోజు పొద్దున ఒక స్కూలు వ్యాను తలుపుకు లప్పం పూస్తున్నాను. లప్పంలో గట్టిపడే మందు వేసి రేకుముక్కతో కలుపుతుంటే వాసన లేచింది. బాగా ముగ్గిన పండులా తియ్యగా మొదలై, మరుక్షణం ముక్కులోకి సూదిలా దిగే వాసన అది. మా ఆయన ఆ వాసన తగిలితే చాలు, షెడ్డులోంచి రోడ్డు మీదికి వెళ్ళిపోతాడు. నాకు మాత్రం ఎక్కడలేని హుషారూ వస్తుంది. రోజూ పీల్చేదే అయినా, ఈరోజు గాలి బొత్తిగా లేక అది షెడ్డులోనే నిలిచిపోయింది. నా చెయ్యి ఆగిపోయింది. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని, ఒళ్ళంతా ఎర్రటి రంగుపొడి పడి, పెరట్లో నిలబడి నవ్వుతున్న ఈరక్క కళ్ళముందుకొచ్చింది.

మీరు ఆమెను చూడలేదు. పావగడ దగ్గరి తిరుమణిలో మా ఇంటికి ఆనుకునే ఆమె ఇల్లు. పొడవైన మనిషి, బొంగురు గొంతు. ఏదైనా నవ్వొచ్చే మాట చెప్పబోతే, చెప్పకముందే తనకే నవ్వు ముంచుకొచ్చి మాట సగంలో ఆగిపోయేది. నేను ఆ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు ఆమెకు అరవై దాటి ఉంటాయి. వరసకు అత్తా అని పిలిచేదాన్ని. భర్త నారాయణప్ప పోయి చాలా ఏళ్ళయింది. కొడుకు తిప్పేష, సోలార్ ప్లాంటులో మనుషులను పనిలో పెట్టే మేస్త్రీ.

మా అందరి చేలూ అప్పటికే ప్లాంటు కిందికి వెళ్ళిపోయాయి. కౌలు వస్తోంది, ఇంట్లో తిండికి లోటు లేదు. కానీ నేను పుట్టిన అరసికెరెలో నడక వచ్చినప్పటినుంచీ వేరుశనగ చేలోనే పెరిగినదాన్ని. కలుపు తియ్యడం, కాయ పీకడం, ఒలవడం తప్ప మరొకటి తెలియదు. కొన్నాళ్ళు కూలికి ప్యానెళ్ళు కడగడానికి పోయాను. ఎంత దూరం చూసినా నల్లటి అద్దాలు, వాటిలో నా మొహం. ఆ పనీ రోజూ దొరికేది కాదు. దొరకని రోజు గడపలో కూర్చుని వీధిలోకి చూస్తుండేదాన్ని. ఇరవై ఆరేళ్ళకే నా పని అంతా అయిపోయినట్టు ఉండేది.

అలా కూర్చున్న ఒకరోజు పక్కవీధిలో పెద్ద గోల వినిపించింది. ట్రాక్టరు రొద, పిల్లల కేకలు, కుక్కల అరుపులు. లేచి చూస్తే, ఒక ట్రాక్టరు ఇనపగొలుసుతో లారీని లాక్కొస్తోంది. లారీ అంటే ఇప్పటి లారీ కాదు. ముందుకు పొడుచుకొచ్చిన పెద్ద ముక్కు, గుండ్రటి మడ్‌గార్డులు, మధ్యలో చీలిన అద్దం. ముక్కు లారీ అని మావైపు పిలిచే పాతకాలపు బండి. తుప్పు తప్ప దానికి వేరే రంగు లేదు. ఒక తలుపు తాడుతో కట్టి ఉంది. క్యాబిన్ కిటికీలోంచి ఒక కోడి తల బయటపెట్టి చూస్తోంది. ముందు ఈరక్క వెనక్కి నడుస్తూ, రెండు చేతులతో డ్రైవరుకు దారి చూపిస్తూ, "ఇంగొంచెం కుడికి రాప్పా, మోరీ కాలవ ఉండాది, చూసుకో" అని అరుస్తోంది.

అది నారాయణప్ప లారీ. ఆయన పోయాక చేలో చింతచెట్టు కింద నిలిపేశారు. ఆ చెట్టున్న చోటు కూడా ప్లాంటు కంచె లోపలికి పోతుందని తెలిసి, ఈరక్క కొడుకుతో చెప్పకుండానే ట్రాక్టరు మాట్లాడుకుని ఇంటికి తెచ్చేసింది. పెరటి గోడ కొంత పడగొట్టి మరీ లోపలికి తోయించింది. సాయంత్రం తిప్పేష వచ్చి చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ఆ పెరట్లో ప్లాంటు పనివాళ్ళకు అద్దెకివ్వడానికి గదులు కట్టాలని అతని ఆలోచన.

"దీన్ని ఏం చేస్తావమ్మా ఈడ పెట్టుకుని? గుజిరీవాళ్ళకు ఇచ్చేస్తే పోతాది కదా" అన్నాడు. పాత ఇనుము కొనేవాళ్ళను మావైపు గుజిరీవాళ్ళంటారు.

"రంగు ఏస్తాను" అంది ఈరక్క.

"రంగా? యాడ ఏస్తావు? రంగు ఏసేదానికి రేకన్నా ఉండాల కదా."

"లేనికాడ కొత్త రేకు ఏస్తాను, ఉన్నకాడ రంగు ఏస్తాను. నువ్వు పొయ్యి అన్నం తిను పో."

నేను గోడ పక్కన నిలబడి వింటున్నాను. ఆమె నా వైపు తిరిగి, చాలాకాలంగా మా ఇద్దరి మధ్యా అనుకున్న మాటే అయినట్టు, "మంజులా, రేపు పొద్దున పని లేదు కదమే? రా, దీన్ని కడుగుదాం" అంది. నేను తల ఊపాను. ఆ రాత్రి మా ఆయనతో చెబితే, "లారీ మీద నీళ్ళు పోస్తే మిగిలిన రేకు కూడా రాలిపోతాది" అని నవ్వాడు.

మరుసటిరోజు కడిగాం. కోడినీ, దాని గంపనూ వేరే చోటికి మార్చాం. క్యాబిన్ నేల మీద మట్టి ఎత్తిపోస్తుంటే ఎండిన వేరుశనగ కాయలు బయటపడ్డాయి. ఈరక్క ఒకటి నలిపి నోట్లో వేసుకుని, వెంటనే ఉమ్మేసి, పడీపడీ నవ్వింది. తర్వాత బానెట్ మీద చెయ్యి ఆనించి మెల్లగా చెప్పింది. నారాయణప్ప ఈ బండిని కొన్నప్పటికే అది పాతది. దీంట్లోనే ఇద్దరూ చుట్టుపక్కల ఊళ్ళ కాయలు ఎత్తుకుని నూనె మిల్లులకు తోలేవారు. ప్రతి ఏడూ విత్తనం వేసేటప్పుడు ఆయన ఒకటే మాట అనేవాడట.

"ఈసారి పంట బాగా వచ్చిందంటే బండికి రంగు ఏపిస్తా అనేవాడు. పంట వస్తే కదా. వాన ఒకసారి ముందే వస్తాది, ఒకసారి కాయ ఊరేటప్పుడు ఎగ్గొడతాది. ఆయన పోయేదాకా ఆ మంచి పంట రాలే." గుడ్డను నీళ్ళలో ముంచి పిండింది. "ఇప్పుడు పంటా లేదు, వానతో పనీ లేదు. ఇంగ ఎవరికోసం కాచుకోవల్ల చెప్పు?"

ఆ ప్రశ్న ఆమె లారీ గురించే అడిగింది. నేను మాత్రం అది నా గురించి కూడా అనుకున్నాను.

మా ఇద్దరికీ ఆ పనిలో ఓనమాలు తెలియవు. ఈరక్క పావగడకు పోయి మస్తాన్ సాబును వెంటబెట్టుకొచ్చింది. ఆయన ఒకప్పుడు టింకరింగ్ షాపు నడిపినవాడు. టింకరింగ్ అంటే బండి రేకు సొట్టలు తీసి, చిరిగినచోట అతుకు వేసే పని. మోకాళ్ళు అరిగి షాపు మూసేసి ఇంట్లో కూర్చున్నాడు. పెరట్లోకి వచ్చి లారీ చుట్టూ ఒకసారి తిరిగాడు. తలుపును వేలితో పొడిస్తే వేలు అవతలికి దూరింది. వేలు అలాగే ఉంచి ఈరక్క వైపు చూశాడు.

"ఈరక్కా, దీనికి తలుపు ఉండాది అనుకుంటాండావు నువ్వు. ఇది తుప్పే తలుపు ఆకారంలో నిలబడుకోని ఉండాది."

"అందుకే నిన్ను పిలిచినా కదప్పా. తలుపు బాగుంటే నువ్వెందుకు?"

ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. వెల్డింగు తాను చేస్తానన్నాడు. కింద కూర్చుని చేసే పని, కొట్టుడు పని మేమే చెయ్యాలన్నాడు. సంచిలోంచి ఒక చిన్న సుత్తి, అరచేతిలో పట్టే ఇనప దిమ్మ తీసి, ఈరక్కకు కాక నా చేతిలో పెట్టాడు. "నీ చేతులు చిన్నవి, లోపలికి పోతాయి" అన్నాడు.

ఆ మొదటి సొట్టను నేను మరిచిపోలేను. ఎడమవైపు మడ్‌గార్డు మీద ఉండేది, అన్నం గరిటంత లోతు. దిమ్మను లోపలివైపు ఆనించి, పైనుంచి సుత్తితో చిన్నగా తట్టాలి. నేను బలంకొద్దీ బాదాను. సొట్ట పోలేదు సరికదా, పక్కన ఇంకోటి లేచింది. మస్తాన్ సాబు స్టూలు మీద కూర్చునే, "సుత్తి పక్కన పెట్టు తల్లీ. కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టు. యాడ ఎత్తు ఉండాది, యాడ పల్లం ఉండాది అది చెప్తాది. కొట్టేది కొంచెం, తడిమేదే ఎక్కువ" అన్నాడు. కళ్ళు మూసుకున్నాను. ఎండకు రేకు వెచ్చగా ఉంది. అరచేతి కింద ఎత్తుపల్లాలు ఒక్కొక్కటే తెలిశాయి. చేలో సాళ్ళ మధ్య చెప్పులు లేకుండా నడిచినప్పుడు పాదానికి తెలిసినట్టే ఉంది. మళ్ళీ తట్టాను. తడిమాను, తట్టాను. మధ్యాహ్నానికల్లా ఆ మడ్‌గార్డు గుండ్రంగా, నున్నగా నా చేతి కిందికి వచ్చింది. నాకు గట్టిగా అరవాలనిపించింది. ఈరక్క వచ్చి తడిమి చూసి, వీధిలోకి పరుగెత్తి, నీళ్ళకు పోతున్న ఆడవాళ్ళను చెయ్యి పట్టి లోపలికి లాక్కొచ్చింది. "చెయ్యి పెట్టి చూడండి. ఈడ పెద్ద గుంత ఉన్న్యది. మా మంజుల తీసేసింది." వాళ్ళు బిందెలు దించి ఒక్కొక్కరే చెయ్యి పెట్టి చూశారు. నా జీవితంలో నేను చేసిన పనిని నలుగురు తాకి చూడటం అదే మొదలు.

అప్పటినుంచి పొద్దున వంట కాగానే పెరట్లోకి పరుగే. మస్తాన్ సాబు పుచ్చిపోయినచోట కోసి కొత్త రేకు అతికేవాడు. నేను సొట్టలు తీసేదాన్ని. ఈరక్క ఉప్పు కాగితంతో, అంటే గరుకు కాగితంతో, పాత రంగు గీకేది. గీకేకొద్దీ ఆ బండిలోంచి రంగులు ఒకదాని కింద ఒకటి బయటికొచ్చాయి. పైన మాసిన ఆకుపచ్చ, దానికింద నీలం, ఇంకా కింద ఇటుక రంగు. ఆకుపచ్చ తప్ప మిగిలినవి ఈరక్క కూడా ఎరగదు. "మాకన్నా ముందర ఎంతమంది దీన్ని సింగారించినారో చూడు" అని మురిసిపోయేది. మొదట నవ్విపోయిన ఆడవాళ్ళు మెల్లగా వచ్చి కూర్చునేవారు. ఊరికే కూర్చుంటే చేతులు ఊరుకోవు కదా, తలా ఒక కాగితం ముక్క తీసుకునేవారు. ఒకప్పుడు చేలో వరసగా కూర్చుని కాయ ఒలిచినట్టే లారీ చుట్టూ చేరి రుద్దేవాళ్ళం. కబుర్లూ అవే, గొడవలూ అవే. సోలార్ వచ్చాక మేమంతా ఒకచోట చేరింది అక్కడే.

రంగు సంగతి వచ్చేసరికి ఈరక్క పాత తగాదా ఒకటి చెప్పింది. నారాయణప్పకు నీలం ఇష్టం, ఆమెకు ఎరుపు. బతికున్నన్నాళ్ళూ వెయ్యని రంగు కోసం పోట్లాడుకున్నారట. "ఇప్పుడు ఎవరి మాట గెలిచినట్టు అత్తా?" అని అడిగాను. "ఆయన లేడు కదా, నా మాటే" అంది. మర్నాడు మాత్రం, "క్యాబిన్ లోపల నీలం ఏద్దాంలే. ఆయన ఎప్పుడూ లోపలే కదా కూచునేది" అంది.

మొదటిసారి బానెట్‌కు ఎరుపు కొట్టిన రోజు మేమిద్దరం పొద్దున అన్నం కూడా తినలేదు. అద్దెకు తెచ్చిన కంప్రెసర్ దడదడలాడుతోంది. రంగు చిమ్మే గన్ మస్తాన్ సాబు చేతిలో ఉంది. తడి ఎరుపు బానెట్ మీద పరుచుకుంటుంటే ఈరక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన గన్ దించి పక్కకు జరిగాడో లేదో, పడమటి నుంచి సుడిగాలి లేచింది. మా తాలూకా గాలి సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. కళ్ళు తెరిచేసరికి బానెట్ నిండా ఇసుక, కసువు, ఒక కోడి ఈక. రంగు వేరుశనగ తొక్కలా గరుకుగా తయారైంది. నాకు ఏడుపొచ్చింది. ఈరక్క దగ్గరికి పోయి ఆ ఈకను రెండు వేళ్ళతో ఊడదీసి చూసింది. నవ్వు మొదలైంది. నవ్వుతూ నవ్వుతూ నేల మీద కూర్చుండిపోయింది.

"నవ్వుతావేందత్తా, అంతా పాడైపోయింది" అన్నాను కోపంగా.

"పంట పోతే ఏడాదికి పోతాదిమే. ఇది పోతే మళ్ళా గీకి ఏసుకుంటాం. ఇంత మంచి పని నేను యాడా చూడలే."

ఎండిన పంటల వెనక బతుకంతా గడిపినావిడ ఆ మాట అంటుంటే నేను కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఉప్పు కాగితం అందుకున్నాను. మళ్ళీ గీకాం. ఈసారి చీరలూ టార్పాలిన్లూ కట్టి పెరడంతా గుడారం చేశాం. నేలంతా తడిపాం.

రంగు తేవడానికి ఈరక్క పావగడ పోయిన రోజునే ఆ లారీ పోవలసింది. నేను ఒక్కదాన్నే తలుపు రుద్దుతున్నాను. గుమ్మం ముందు ఒక వ్యాను ఆగింది. గుజిరీ ఆయన, ఇద్దరు మనుషులు, రేకు కోసే గ్యాస్ సిలిండరు. తిప్పేష ఎప్పుడో చెప్పి ఉంచాడట, ఇప్పటికి వాళ్ళకు కుదిరింది. ఫోన్ చేస్తే తిప్పేష, "అవును, నేనే రమ్మన్నా. అమ్మకు నేను చెప్పుకుంటా" అని పెట్టేశాడు. వాళ్ళు సిలిండరు దించుతున్నారు. నేను అప్పటిదాకా పరాయి మగవాళ్ళతో గట్టిగా మాట్లాడి ఎరగను. ఏం చెయ్యాలో తోచక క్యాబిన్ ఎక్కి తలుపు వేసుకుని కూర్చున్నాను.

"దిగమ్మా, మాకు పని ఉండాది" అన్నాడు ఆయన.

"మా అత్త వచ్చేదాకా దిగను."

"యజమాని చెప్పినాడు కదా."

"ఆయన రానీ. వచ్చి చూసి, అప్పుడు చెప్పనీ."

తిప్పేష మోటారు సైకిల్ మీద వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది. "దిగు మంజులా. ఇది మా ఇంటి విషయం" అన్నాడు.

"దిగుతాను. ముందర ఈ తలుపు మీద చెయ్యి పెట్టి చూడు."

ఎందుకు అలా అన్నానో తెలియదు. నాకు తెలిసిన వాదన అదొక్కటే. అతను విసుగ్గా చెయ్యి వేశాడు. చెయ్యి పైనుంచి కిందికి జారింది. మళ్ళీ పైకి పోయింది. ఆ తలుపే మొదటిరోజు తాడుతో కట్టించుకుని వచ్చింది. వంగి లోపలికి చూశాడు. లోపల నీలం రంగు అప్పటికే వేసి ఉంది.

"ఎవరు తీసినారు దీని సొట్టలు?"

"నేనే."

"నీలం ఎవరు ఏపించినారు?"

"అత్తే. మీ నాయనకు ఇష్టమంట."

అతను మోటారు సైకిల్ తాళం జేబులో వేసుకున్నాడు. గుజిరీ ఆయన దగ్గరికి పోయి, "ఇప్పుడు కాదులేప్పా, పోండి" అన్నాడు. వాళ్ళు గొణుక్కుంటూ పోయారు. ఈరక్క రంగు డబ్బాలతో బస్సు దిగి వచ్చేసరికి ఆమె కొడుకు చొక్కా విప్పి, బనీనుతో కూర్చుని తొట్టి వెనక తలుపు, డాలా, రుద్దుతున్నాడు. ఆమె నన్ను చూసింది. నేను అతన్ని చూపించాను. ఆమె డబ్బాలు దించి, "అడ్డంగా రుద్దకప్పా, గీతలు పడతాయి. గుండ్రంగా రుద్దు" అని మాత్రం అంది. గదులు తర్వాత వీధివైపు కట్టుకున్నారు.

ఎరుపు ఈసారి గాజులా పరుచుకుంది. ఇంజను పని మడకశిర నుంచి ఒక మెకానిక్ వచ్చి చూసిపెట్టాడు. ఒక ఆదివారం లారీని ఎండిన చెరువులోకి తోలుకుపోయారు. ఊరంతా చూడటానికి చెరువుగట్టు ఎక్కింది. మెకానిక్ దిగగానే ఈరక్క చీర కుచ్చిళ్ళు ఎగదోపి స్టీరింగు ముందు ఎక్కి కూర్చుంది. తిప్పేష, "అమ్మా, నీకు రాదు" అంటూ పరుగెత్తాడు. "నీకు తెలీదులే. మీ నాయన ఈ చెరువులోనే నేర్పినాడు" అంది ఆమె. కరువు ఏడాది, చెరువులో చుక్క నీరు లేనప్పుడు, ఎవరూ లేనిది చూసి నేర్పాడట. కొడుక్కే ఆ సంగతి తెలియదు.

లారీ ఒకసారి ఎగిరి, ఆగి, మళ్ళీ కదిలింది. ఎర్రటి ముక్కు ఎండలో మెరుస్తుంటే, వెనక దుమ్ము లేపుకుంటూ చెరువు చుట్టూ తిరిగింది. మేము ఆడవాళ్ళమంతా గట్టు దిగి పరుగెత్తి, ఆగీ ఆగకముందే తొట్టిలోకి ఎక్కేశాం. క్యాబిన్ కప్పు పట్టుకుని నిలబడ్డాను. దూరాన ప్యానెళ్ళు నీళ్ళలా మెరుస్తున్నాయి. గాలికి మా చెంగులన్నీ ఎగురుతున్నాయి. కింద ఈరక్క ఏదో అరుస్తోంది, ఇంజను మోతకు ఒక్క ముక్కా వినిపించలేదు. అంత సంతోషం నాకు నా పెళ్ళిలోనూ లేదని మా ఆయనతో అంటే ఇప్పటికీ ఉడుక్కుంటాడు.

ఆ తర్వాత మస్తాన్ సాబు తన పనిముట్లన్నీ నాకే ఇచ్చాడు. మొదట ఊళ్ళో ట్రాక్టర్ల మడ్‌గార్డులు, ఆటోలు. తర్వాత పావగడ రోడ్డు మీద ఈ షెడ్డు. ఆడమనిషి టింకరింగ్ ఏంటని వెనక్కి పోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో కొందరు మళ్ళీ వచ్చారు. లారీని తిప్పేష బాగానే చూసుకుంటున్నాడు. ఊళ్ళో పెళ్ళిళ్ళకు అదే ముందు నడుస్తుంది.

ఈరక్క మంచం పట్టాక ప్రతి ఆదివారం పోయేదాన్ని. చివరి రోజుల్లో చూపు మందగించింది. నేను వచ్చిన అలికిడి వినగానే, బాగున్నావా అని కూడా అడిగేది కాదు. "ఇప్పుడు ఏ బండి పట్టినావ్? చెప్పు" అనేది. నేను చెప్పేదాన్ని. ఎక్కడ నలిగి వచ్చింది, ఎలా తీశాను, ఏ రంగు, ఎండలో ఎలా మెరుస్తోంది. ఆమె కళ్ళు మూసుకుని, వేళ్ళు దుప్పటి మీద కదుపుతూ వినేది. ఒకసారి ఒక కారు పని తొందరలో ఏదో అయిందనిపించి, "ఆ, అయిపోయింది, ఇచ్చేసినా" అన్నాను. ఆమె వేళ్ళు ఆగిపోయాయి. "అంతేనా? చెప్పేదానికి ఏమీ లేదా?" అంది. ఆ ముఖంలో కోపం లేదు. కథ కోసం ఎదురుచూసి, అది అందనట్టు ఉంది. మర్నాడు ఆ కారును వెనక్కి పిలిపించి మళ్ళీ చేశాను.

ఆమె పోయింది. ఆదివారాలు ఖాళీ అయ్యాయి. కానీ ఈ షెడ్డులోంచి ఏ బండి బయటికి పోవాలన్నా, తాళం ఇచ్చే ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఇక్కడ ఇలా ఉండేది అత్తా, ఇప్పుడు ఇలా ఉంది అని లోలోపల ఆమెకు చెప్పుకుంటాను. చెబుతుంటే ఉత్సాహం వస్తే తాళం ఇస్తాను. రాకపోతే, రేపు రండన్నా, ఇంకా కొంచెం పని ఉంది అంటాను.